తాళం మరిచిన కారు

కుందుర్పి కల్యాణమండపం ముందు ఆగి ఉన్న తెల్లకారులో తాళంచెవి వేలాడుతూ కనిపించేసరికి ఉదయ్ కుమార్‌కు ప్రాణం లేచొచ్చింది.

కారు పాతదే. పదిహేనేళ్లు దాటి ఉంటుంది. అయితేనేం, అనంతపురంలో కాగితాలు అడగకుండా పాత కార్లు కొనే అంగడి ఒకటుంది. అరవై వేలకు తక్కువ ఇవ్వరు. ఆ డబ్బు కడితే ఫైనాన్స్ వాళ్లు ఎత్తుకుపోయిన తన ఆటో ఇంటికొస్తుంది. ఆటో ఇంటికొస్తే, అలిగి పుట్టింట్లో కూర్చున్న పెళ్లాం త్రివేణి కూడా వస్తుంది. ఆమె అలా అని కబురు పంపింది మరి.

లోపల భోజనాలు జోరుగా సాగుతున్నాయి. ఉదయ్ పెళ్లివారి మనిషిలా దర్జాగా నడిచి వెళ్లి, సీట్లో కూర్చుని, కారు తీశాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. విస్తరి ముందున్నవాడు బయట ఏం పోతోందో చూస్తాడా?

ఊరు దాటి కొంత దూరం పోయాక వెనక నుంచి ఆవులింత వినిపించింది.

"యాడికొచ్చినామప్పా?"

ఉదయ్ అద్దంలో చూస్తే, తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన ఒకడు తువ్వాలు దులుపుకుంటూ లేచి కూర్చుంటున్నాడు. పెళ్లిభోజనం చేసి వెనక సీట్లో నడుం వాల్చినట్టున్నాడు.

"నన్ను అనంతపురంలో దింపేదానికి డ్రైవర్ని పంపిస్తా అన్నాడు పెండ్లిపెద్ద ఓబులేసు. ఆయప్పదే గదా ఈ కారు. ఆ డ్రైవర్ నువ్వేనా?"

"నేనే పెద్దాయనా" అన్నాడు ఉదయ్, దేవుడే మాట అందించాడని మురిసిపోతూ. ఎలాగూ తను పోయేది అనంతపురానికే. పెద్దాయన్ని ఇంటిదగ్గర దింపేసి కారుతో ఉడాయిస్తే పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కుతాయి.

కారుకు మాత్రం ఆ తొందర లేదు. కల్యాణదుర్గం ఇంకా రాకముందే బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. చుట్టూ ఎండిపోయిన వేరుశనగ చేలు, చుక్క నీరు లేదు. ఉదయ్ ఎండలో మైలు దూరం నడిచి, ఒక అంగట్లో నీళ్ల సీసాలు కొనుక్కొచ్చి, తను గుక్కెడు కూడా తాగకుండా అన్నీ రేడియేటర్‌కే తాగించాడు.

"ఇట్లయితే కష్టమప్పా. ఓబులేసుకు ఫోన్ చేస్తా, ఇంకో బండి పంపిస్తాడు" అని పెద్దాయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"వద్దు పెద్దాయనా. పెండ్లి పనుల్లో ఉంటాడు పాపం. నేను చూసుకుంటా గదా."

చూసుకున్నాడు. కల్యాణదుర్గం మెకానిక్ బానెట్ ఎత్తి, రేడియేటర్ కారుతోంది, పైపు చిరిగింది, రెండూ మార్చాలన్నాడు. ఉదయ్ జేబులో ఉన్న నాలుగున్నర వేలు అక్కడే ఖాళీ అయ్యాయి. పోతే పోయాయి, అరవై వేలు రాబోతున్నాయి కదా అనుకుని తాళం తిప్పాడు. కారు కిక్కురుమనలేదు. బ్యాటరీ చచ్చిపోయింది.

పెద్దాయన మళ్లీ ఫోన్ తీశాడు. "ఓబులేసుకు ఒక మాట..."

"అయ్యో, ఎందుకు పెద్దాయనా" అంటూ ఉదయ్ గబగబా పక్కకు వెళ్లి బామ్మర్దికి ఫోన్ చేశాడు. ఆటో విడిపించుకుంటున్నానని, అయిదు వేలు తక్కువైందని చెప్పాడు. అక్క కాపురం బాగుపడుతుందన్న ఆశతో ఆ కుర్రాడు వెంటనే డబ్బు పంపాడు. దాంతో కారుకు కొత్త బ్యాటరీ వచ్చింది.

పెద్దాయన్ని దారిలో వదిలేసి పోదామా అన్న ఆలోచన రాకపోలేదు. కానీ వదిలేసిన మరుక్షణం ఆయన ఫోన్ చేస్తాడు. పైగా తన ముఖాన్ని ఇంతసేపూ నిమ్మళంగా చూస్తూనే ఉన్నాడు.

ఆత్మకూరు దాటాక ముందు టైరు ఢామ్మని పేలింది. డిక్కీలో ఉన్న స్టెపినీ ఇంకా ఘోరం, బోడిగుండులా ఉంది. రెండో వైపు టైరుకు దారాలు తేలాయి.

"ఒకటే మారిస్తే బండి పక్కకు లాగుతాదంటారప్పా" అన్నాడు పెద్దాయన దిగులుగా. "నాకు పానమంటే బయం. ఓబులేసునే అడుగుదామా?"

ఉదయ్ ఆ బోడి స్టెపినీనే బిగించి, కారును ఒక అంగడి దాకా మెల్లగా నడిపించాడు. పెళ్లినాడు అత్తగారు పెట్టిన ఉంగరం తీసి టైర్ల అంగడాయన చేతిలో పెట్టాడు. ఉంగరం లేని వేలు చూసుకుంటే ఏడుపొచ్చింది. అంతలోనే గుండె దిటవు చేసుకున్నాడు. ఇంత బాగుచేయించిన కారును అరవైకి అమ్మితే తనంత వెర్రివాడు ఉండడు, ఎనభై అడగాలి.

అనంతపురం చేరేసరికి పొద్దు వాలింది. కారు ఇప్పుడు పెళ్లికూతురిలా ఒద్దికగా నడుస్తోంది. పెద్దాయన సందులు చెబుతూ, నీలిరంగు గేటున్న ఇంటి ముందు ఆపమన్నాడు.

"నా బంగారప్పా, కొంచెం గేటు తీసి ఈ సంచి లోపల పెట్టు. మోకాళ్లు పట్టేసినాయి."

ఆఖరి చాకిరీ కదా అని ఉదయ్ సంతోషంగా దిగాడు. ఇంజన్ ఆపితే మళ్లీ కదులుతుందో లేదోనన్న భయంతో ఆపకుండానే దిగాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు.

వెనక కారు కదిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే డ్రైవర్ సీట్లో పెద్దాయన ఉన్నాడు. కారు ఉదయ్‌ను రాసుకుంటూ గేటులోంచి దూరి, రేకుల షెడ్డులోకి సూటిగా వెళ్లి ఆగింది. పెద్దాయన ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, మోకాళ్ల నొప్పి ఆనవాలు కూడా లేకుండా చులాగ్గా దిగాడు.

ఉదయ్ సంచి పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరికి చెప్పుకోవాలో, ఏమని చెప్పుకోవాలో తెలియలేదు.

ఇంట్లోంచి పెద్దాయన భార్య భద్రమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందు టైర్లను బొటనవేలితో నొక్కి చూసి, మొగుడి వైపు తిరిగింది.

"పోయిన పెండ్లికాడ దొరికిన దొంగ క్లచ్ వేయించినాడు, ఈయప్ప టైర్లు గాక ఇంకేమేమి వేయించినాడు?"