మొదటి పిలుపు

"టికెట్టా? ఈ అడవిల బస్సే రాదు గద సారూ!" అన్నాడు వాచ్‌మన్ బొజ్జయ్య.

ములకలపల్లి నర్సరీ ఆఫీసులో కొత్త సిస్టం పెడుతున్న జయప్రకాశ్ నవ్వాడు. "బస్సు టికెట్ కాదు పెద్దాయనా. ఎవరైనా ఫిర్యాదు మెయిల్ చేస్తే టికెట్ అవుతుంది. 'అందింది, వస్తున్నాం' అని కంప్యూటరే జవాబిస్తుంది. మెయిల్ వస్తే మేలే!"

బొజ్జయ్య నవ్వలేదు. "చీకటి పడ్డంక మూడుసార్లు పిలిస్తేనే పలకాలె. దయ్యం ఒక్కసారే పిలుస్తది, మొదటి పిలుపుకే పలికితే ఇంట్లకొస్తది."

అప్పటికే బయట చీకటి పడింది. కంప్యూటర్ టింగుమంది. ఆ మెయిల్ చిరునామా ఇంకా ఎవరికీ చెప్పనేలేదు. వచ్చినదాంట్లో ఒకటే మాట: జయప్రకాశ్.

ఆపేలోగానే 'అందింది, వస్తున్నాం' అని జవాబు వెళ్లిపోయింది.

బయట కీచురాళ్లు ఆగిపోయాయి. మళ్లీ టింగుమంది. ఇంకో మెయిల్:

"మీరెందుకు? నేనే వచ్చిన."

బొజ్జయ్య చప్పుడు కాకుండా గడియ పెట్టాడు. "తలుపు కొడితే మూడోసారి దాక పలకకు సారూ."

తలుపు ఒక్కసారి చప్పుడైంది. ఇద్దరూ రెండో చప్పుడు కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు.