గూడేనికొచ్చిన పంతులు

వానలో తడుస్తూ వచ్చిన మనిషి ముందు బడిలోంచి మేకల్ని తోలేశాడు.

ఆ తర్వాతే అరుగు మీద కూర్చుని తల తుడుచుకున్నాడు. ముప్పై దాటిన మనిషి. తెల్లచొక్కా.

పెదబయలు పైన, కొండమీది గూడెం అది. తొంభై ఎనిమిది వానాకాలం. బడి కట్టి చాలా ఏళ్లయింది. పంతులు మాత్రం మొదట్లో కొన్నాళ్లు కనబడి, తర్వాత కనబడటం మానేశాడు.

ఊరిపెద్ద బుధు గొడుగు వేసుకుని వచ్చాడు.

"ఎవులు బాబూ నువ్వు?"

"సుక్రుని. ఈ బడెప్పుడు తెరుత్తారు?"

బుధు ముఖం వెలిగిపోయింది. బడి గురించి అడిగేవాడు పంతులు కాక ఇంకెవరు?

"నువ్వొచ్చీసినావు కదా, రేపే తెరిసీద్దాం!"

సుక్రు ఏదో చెప్పబోయాడు. అప్పటికే బుధు ఇళ్లవైపు తిరిగి కేకేశాడు.

"పంతులొచ్చీసినాడర్రో!"

మర్నాడు పిల్లలు వచ్చారు. రావడమంటే, ఒకడు తెల్లారకుండానే వచ్చాడు. ఇద్దరు మధ్యాహ్నం వచ్చారు. పలక ఉన్నవాడి దగ్గర బలపం లేదు. బలపం ఉన్నవాడు దాన్ని దారిలోనే తినేశాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే చొక్కా కావడంతో ఒకడు ఇంట్లోనే ఉండిపోయాడు.

ఈశ్వరమ్మ కూతురు బేబి, చంకలో తమ్ముడితో గుమ్మంలో నిలబడింది. లోపలికి రావాలో, వాడు ఏడుస్తున్నాడు కనక ఇంటికి పోవాలో తేల్చుకోలేకపోయింది.

సుక్రుకీ ఏమీ తోచలేదు. వాళ్లని చూస్తూ చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

ఆ మర్నాడు కోడి కూయగానే ఇంటింటికీ బయల్దేరాడు.

"ఈ గుంటడ్ని పగలు ఎవులు సూత్తారమ్మా?" అని ఈశ్వరమ్మని అడిగాడు.

"మా గుంటే సూత్తాది. నాను పోడుకెల్లాల కదా."

"మీ ముసిలమ్మ కాలీయే కదా?"

అలా అడిగి అడిగి, చంటిపిల్లలందర్నీ ముసలమ్మల దగ్గర ఒకే అరుగుమీదికి చేర్చాడు. పశువుల వెంట పిల్లలకి బదులు వంతులవారీగా పెద్దవాళ్లనే పంపించాడు. ప్రతి ఇంటి గుంజకీ ఒక వెదురు మేకు కొట్టాడు. పడుకోబోయే ముందు పిల్లల చేతే సంచీ, చొక్కా దానికి తగిలింపించేవాడు.

పొద్దున్నే గెడ్డ నీళ్లలో మొహం కడుక్కోవడం, చోడంబలి తాగడం, మేకు మీది సంచీ అందుకోవడం. వెతుకులాట లేదు, ఏడుపు లేదు.

తమ్ముడు లేకుండా బడికి బయల్దేరిన మొదటిరోజు, చంకలో బరువు లేక ఎలా నడవాలో తెలియనట్టు నడిచింది బేబి.

వానలు తగ్గేసరికి, ఎండ బడిగోడ ఎక్కేలోగా పిల్లలంతా లోపల ఉండేవారు.

అయినా ఈశ్వరమ్మకి ఏదో తేడాగా తోచింది.

"పంతులేటి సెప్పినాడే ఇయ్యాల?"

"ఏటీ సెప్పడమ్మా. ఆ పాత పంతులు పెద్దగుంటలకి సెప్పినయ్యే సదవమంతాడు. ఇంతాడు" అంది బేబి.

"ఇనడానికా ఆడికి జీతం!"

మాట గూడెమంతా పాకింది. లేవడం, కడుక్కోవడం, సంచీ తగిలించడం నేర్పడానికి పంతులెందుకు అన్నారు కొందరు. సంతరోజు మాత్రం చీకటితో లేచి పెదబయలు పోతాడు, అదిగో అది జీతానికే అన్నారు ఇంకొందరు.

ఒకనాడు ఈశ్వరమ్మ బడికే వెళ్లి, సుద్దముక్క అతని చేతిలో పెట్టింది.

"బోర్డు మీద మా గుంట పేరు రాయి."

సుక్రు సుద్దముక్క వంక చూశాడు. బోర్డు వంక చూశాడు. పిల్లలంతా తనవైపే చూస్తున్నారు. సుద్దముక్కని మెల్లిగా కిటికీలో పెట్టేశాడు.

"సూసినారా పొగరు! మన పేరు రాత్తే ఆడి సెయ్యి అరిగిపోద్ది."

"అది కాదమ్మా, నాను..."

"మాకింకో పంతులొత్తాడు. నువ్వెల్లు."

సుక్రు చేతులు జోడించి, కొండ దిగి వెళ్లిపోయాడు.

తర్వాతి సంతకి బుధు పెదబయల్లో బడుల ఆఫీసుకి వెళ్లాడు.

"మా పంతుల్ని మార్సండి బాబూ."

గుమస్తా వింతగా చూశాడు. "మీ గూడేనికి పంతులే లేడు. పిల్లలు రావట్లేదని ఆ పోస్టు ఎప్పుడో తీసేశారు."

బుధుకి అర్థం కాలేదు. గూడెంలో ఎవరికీ అర్థం కాలేదు. పంతులు కాకపోతే మరెవరు? దొంగైతే ఏం పట్టుకెళ్లాడు? షావుకారు మనిషైతే ఒక్క ఇంట్లోనూ చింతపండు బేరం ఆడలేదే?

ఈలోగా ముసలమ్మలకి తగువొచ్చింది. చంటిపిల్లలు మళ్లీ అక్కల చంకలెక్కారు. పశువుల వంతు ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. బేబి పలక ఎక్కడో పోయింది.

"ఆడున్నప్పుడే బాగుండీది" అని గొణుక్కుంది ఈశ్వరమ్మ.

వలిసె చేలు పసుప్పచ్చగా పూసేవేళకి ఒక అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని కొండెక్కి వచ్చింది.

"నా పేరు సరళ. మీ బడికి టీచర్ని. పిల్లలేరీ? పొద్దున్నే సంచీలతో వచ్చేస్తారని చెప్పాడే!"

"ఎవులు సెప్పినారమ్మా?" అన్నాడు బుధు.

"సుక్రు. ప్రతి సంతకీ ఆఫీసుకొచ్చేవాడట. పిల్లలు తయారుగా ఉన్నారు, టీచర్ని వెయ్యండి అని ఆఫీసర్ని వదల్లేదట. మొన్న నా ఆర్డరు చేతికొచ్చేదాకా ఆఫీసు మెట్లమీదే కూర్చున్నాడు. ఇక్కడ లేడా?"



ఈశ్వరమ్మ ముందుకొచ్చింది. "ఆ పంతుల్ని మేమే పొమ్మన్నామమ్మా."

"పంతులా?" సరళ తెల్లబోయింది. "అతనికి అక్షరమ్ముక్క రాదు, వాళ్ల కొండమీద బడి లేదని మీ బడిలో చదువుకోవడానికే వచ్చానన్నాడు!"