విప్పేసిన వరసలు

కిటికీ అద్దాలు తుడవాలి. ట్రంకుపెట్టె లోంచి లేసు తెరలు తీసి ఉతికి, పల్చగా గంజి పెట్టాలి. బల్ల మీద గుండ్రటి అల్లిక గుడ్డ పరవాలి. కుర్చీల వీపులకు తొడుగులు, అలమర అరలకు అంచు లేసు వేయాలి. పూలకుండీ గుమ్మం దగ్గరికి జరపాలి. కోడలు క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న పనులు ఇవి. రాసుకోని పని ఇంకొకటి ఉంది. మామగారికి నిజం చెప్పాలి.

చలి పోయి గాలి తేలికపడగానే లేసులన్నీ బయటికి తీసి ఇల్లంతా కట్టడం ఆ ఇంట్లో అత్తగారు పెట్టిన అలవాటు. ఆవిడ లేకుండా వచ్చిన మొదటి వసంతం ఇది. ఏ మూలా లోటు కనబడకూడదని కోడలు పంతం పట్టింది. ఆ పంతమే కొంప ముంచింది.

వారం కిందట చూస్తే పెద్ద తెరలో రెండు చోట్ల పురుగు కొట్టి ఉంది. అల్లి పూడ్చుదామంటే ఆ మీగడరంగు దారం నాలుగు కొట్లు తిరిగినా దొరకలేదు. పెట్టె అడుగున గుడ్డసంచిలో అదే దారంతో సగం అల్లిన ముక్క ఒకటి కనబడింది. కొన కొక్కెంలా వంగిన లేసు సూది ఇంకా దానికే ఉంది. ఒక పక్క అంచు లోపలికి గుంజుకుపోయి వంకరగా తయారైంది. కుట్టు తప్పిందని అత్తగారే విసుగొచ్చి పడేసి ఉంటారనుకుంది. సూది తీసేసి కొస పట్టుకుని లాగింది. అల్లడానికి ఎన్నాళ్లు పట్టిందో గానీ, విప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. మెలికలు తిరిగిన దారాన్ని తడిపి ఆరబెట్టి, చిల్లులు పూడ్చింది. ఎక్కడ అతికిందో చివరికి తనకే కనబడలేదు. తన పనితనానికి తనే మురిసిపోయింది.

ఆ మురిపెం ఈ పొద్దుటి కాఫీ దాకానే. మామగారు ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. దేనికీ నోరు తెరిచి ఇది కావాలని అడగడు. అలాంటిది ఇవాళ గ్లాసు కింద పెట్టి, అన్నీ కట్టడం అయ్యాక పెట్టె అడుగున ఉన్న సంచి కూడా తీయమన్నాడు. ఆస్పత్రి నుంచి తెచ్చిన సంచి అది. అందులో సగం ముక్క ఉంటుంది, దాన్ని తన కుర్చీ చేతి మీద వేయమన్నాడు.

కోడలికి అప్పటికి అర్థమైంది. ఆస్పత్రి మంచం మీద, సెలైన్ ఎక్కుతున్న చేత్తో అత్తగారు అల్లితే అంచు వంకర పోక ఏమవుతుంది?

స్టూలెక్కి తెర కడ్డీ బిగిస్తున్న మొగుడి చెవిన వేసింది. ఎలుక కొట్టిందని చెప్పి ఊరుకోమన్నాడు. ఆ మాటకు ఆమెకు ఇంకా సిగ్గేసింది. గంజి కలుపుతుంటే ఆ ముక్కే, తెర మడత విప్పుతుంటే ఆ ముక్కే కళ్లలో మెదిలింది. మధ్యాహ్నానికి అన్నీ కట్టేశారు. లేసు కన్నాల్లోంచి ఎండ జారి, నేల మీద పూలు పూసింది. మామగారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఏమీ వేయని ఆ కుర్చీ చేతిని ఒకసారి తడిమాడు.

ఆమె వెళ్లి ఆయన ఎదుట నేల మీద కూలబడింది.

"మామయ్యా, ఆ ముక్క లేదు. నేనే విప్పేశాను. పెద్ద తెర చిల్లులకి దారం దొరకలేదు."

ఆయన కిటికీకి కట్టిన పెద్ద తెర వైపు చూశాడు.

"మొత్తమా?"

"ఒక్క వరస కూడా మిగల్లేదు. అత్తయ్య ఆఖరిసారి చేత్తో పట్టుకున్నది... నాకు తెలీదు మామయ్యా. తెలిస్తే ముట్టుకునేదాన్నే కాదు."

తిడితే పడదామని తల వంచుకుంది. తిట్టు రాలేదు. చిన్న నవ్వు వినబడింది.

"పిచ్చిదానా, అది మీ అత్తయ్య అల్లిందని ఎవరు చెప్పారు నీకు? అది నాది."

"మీదా?"

"ఆస్పత్రిలో ఊరికే కూర్చోలేక సిగరెట్టుకి కిందకి పోతున్నానని, సూది నా చేతికిచ్చి కుట్లు చెప్పేది. స్టీరింగ్ తిప్పిన చేతులమ్మా ఇవి, తిన్నగా వస్తుందా? చూశావుగా ఆ అంచు, మలుపులో బస్సు ఒరిగినట్టు ఒరిగిపోయింది. అది చూసి మీ అత్తయ్య ఒకటే నవ్వు. విప్పి మంచి పని చేశావు, పీడ వదిలింది."

స్క్రూడ్రైవర్ డబ్బాలో సర్దుతున్న కొడుకు తలెత్తాడు. "నాన్నా, నువ్వు లేసు అల్లావా?"

"బయట అనకురా. డిపోలో నా పరువు పోతుంది."

కోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. అయితే ఆ కుర్చీకి ఆయన చేతి ముక్కే ఉండాలని పట్టుబట్టింది. మిగిలిన దారపు ఉండా, లేసు సూదీ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, ఒక్క వరసైనా మొదలుపెట్టమంది. గంజి గిన్నె కడిగి రావడానికి లోపలికి వెళ్లింది. కడిగినంతసేపూ ఏదో కూనిరాగం తీసింది. తిరిగి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

చలి వెళ్లాక మీ కిటికీకి లేసు తెర కట్టుకునే రోజున, కళ్లజోడు సవరించుకుని, దారం కొసను నాలుకతో తడిపి, బెజ్జమంటూ ఉండని లేసు సూదిని వెలుతురుకు తిప్పి తిప్పి బెజ్జం కోసం వెతుకుతున్న ఆ పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.