టేకు బద్ద

దుర్గాశ్రీకి ఇంట్లో ఏ వస్తువు చోట ఆ వస్తువు ఉండాలి.

ఉప్పు డబ్బా పక్కన కారం, కారం పక్కన పసుపు. అగ్గిపెట్టె అంగుళం జరిగినా ఆవిడకు అన్నం సయించదు.

భర్త సత్యప్రసాద్‌కు కొవ్వూరులో ఎరువుల కొట్టు. ఆదివారం వస్తే చాలు, సుత్తీ మేకులూ పట్టుకుని గోడల మీద పడేవాడు. ఆ వేసవిలో వంటింట్లో టేకు అరలు బిగించాడు. మిగిలిన బారెడు బద్దను దుర్గాశ్రీ వంటింటి తలుపు వెనక నిలబెట్టింది. ఇక దాని చోటు అదే.

ఆవిడకు మిగిలిన ముచ్చట ఒక్కటే, పెరట్లో గట్టి దండెం. నైలాన్ తాడు మీద రెండు దుప్పట్లు వేస్తే అంచులు నేలకు తగులుతున్నాయి.

సత్యప్రసాద్ ఇనుప తీగ తెచ్చాడు. ఒక కొస కొబ్బరిచెట్టుకు, రెండో కొస కరెంటు వైరు ఇంట్లోకి దిగే ఇనుప గొట్టానికి బిగించాడు. వేలితో మీటితే తీగ మోగింది. దుర్గాశ్రీ మురిసిపోయింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే పెరట్లో టప్పుమని చప్పుడైంది.

ఎవరో మనిషి. మాసిన ఖాకీ చొక్కా, భుజాన గోనెసంచి, చేతిలో కటింగ్ ప్లయర్. దండెం తెగి, ఉతికిన బట్టలన్నీ మట్టిలో పడి ఉన్నాయి.

ఆ రోజుల్లో ఊళ్ళో ఇనుప ముక్కలు ఎత్తుకుపోయి పాత సామాన్ల కొట్టులో అమ్ముకునేవాళ్ళు ఎక్కువయ్యారు. సత్యప్రసాద్ గోనెసంచిని చూశాడు. ఇంకేమీ చూడలేదు. చొక్కా పట్టుకుని మనిషిని గోడకేసి కొట్టాడు.

"గొట్టంలోంచి వైరు పోతోందండి," అన్నాడతను, పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా. "లోపల ఒరుసుకుంటే తీగంతా కరెంటేనండి. అమ్మగారు బట్టలు తీస్తారు కదండి."

సత్యప్రసాద్ టెస్టరు తెచ్చి గొట్టానికి వేలాడుతున్న తీగ ముక్కకు ఆనించాడు. వెలగలేదు. తర్వాత చేత్తోనే పట్టుకుని చూపించాడు.

"ఏదిరా కరెంటు?"

"వాన పడాలండి."

గోడ దూకి వచ్చిన పక్కింటి వెంకన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు సత్యప్రసాద్ ఒళ్ళు ఇంకా మండింది. వంటింటి తలుపు వెనక నుంచి టేకు బద్ద అందుకున్నాడు.

వీపు మీద కొట్టాడు. మోకాళ్ళ మీద కొట్టాడు. ప్లయర్ పట్టుకున్న చేతి మీద కొట్టినప్పుడు వేళ్ళు పుటుక్కున విరిగాయి. వెంకన్న డొక్కలో రెండు తన్నులు తన్నాడు.

ఆ మనిషి చేతులు అడ్డం పెట్టుకున్నాడే గాని ఎదురుదెబ్బ కొట్టలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. చివరికి గోడకు జారగిలబడి, ఆయాసపడుతూ బద్ద వంక చూశాడు.

"రేపు అమ్మగారు తీగకు అంటుకుపోతే చేత్తో ముట్టుకోకండి బాబుగారూ. ఆ కర్రతోనే కొట్టండి. చెయ్యి విరిగినా పర్లేదు, కొట్టండి."

దుర్గాశ్రీ గుమ్మంలోంచి కేక వేసింది. శాపం పెడుతున్నాడంది. సత్యప్రసాద్ చివరి దెబ్బ తలమీద వేశాడు.

అతను పాక్కుంటూ గేటు దాటాడు. సంచి పెరట్లోనే ఉండిపోయింది.

దుర్గాశ్రీ బద్దకంటిన నెత్తురు తడిగుడ్డతో తుడిచింది, ఎండబెట్టింది, తలుపు వెనక దాని చోట దాన్ని పెట్టింది. పోలీసులు అడిగితే చూపించొచ్చని సంచిని విప్పకుండానే అటకెక్కించింది. సాయంత్రానికల్లా సత్యప్రసాద్ ఇంకా లావు తీగ తెచ్చి మళ్ళీ ఆ గొట్టానికే కట్టాడు.

గురువారం మధ్యాహ్నం తొలకరి వాన దంచి కురిసింది.

భోజనానికి వచ్చిన సత్యప్రసాద్ చేతులు కడుక్కుంటున్నాడు. దుర్గాశ్రీ దుప్పట్ల కోసం పెరట్లోకి పరిగెత్తింది.

ఆవిడ అరుపు సగంలో ఆగిపోయింది.

తీగను పట్టుకున్న గుప్పిట ఊడి రావడం లేదు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. సత్యప్రసాద్ రెండు చేతులూ చాచి పరిగెత్తాడు. ఇంకో అడుగు వేస్తే భార్య అందుతుంది. అప్పుడు ఆ మనిషి మాట గుర్తొచ్చింది.

వెనక్కి పరుగు తీసి, చూడకుండానే తలుపు వెనక చెయ్యి పెట్టాడు. బద్ద అక్కడే ఉంది, పొడిగా.

భార్య చేతి మీద కొట్టాడు. ఊడలేదు. మళ్ళీ కొట్టాడు. ఏడుస్తూ, బలమంతా పెట్టి మూడోసారి కొట్టాడు. మణికట్టు విరిగి దుర్గాశ్రీ బురదలో పడింది.

ఊపిరి ఉంది.

చేతికి పిండికట్టుతో ఇంటికి వచ్చిన రోజున, ఆ సంచి దింపమని ఆవిడే అడిగింది.

అందులో తుక్కు ఇనుము లేదు. కొత్త నైలాన్ తాళ్ళు ఆరు చుట్టలు ఉన్నాయి. కొట్లో అంటించిన చీటీలు కూడా ఇంకా ఊడలేదు.

సత్యప్రసాద్ సంచి భుజాన వేసుకుని ఊరంతా తిరిగాడు. గోష్పాద రేవు దగ్గర టీ బడ్డీ పెట్టుకున్న సుబ్బాయమ్మ దాన్ని గుర్తుపట్టింది.

"ఇది మిల్లులో చేసే అబ్బులుదండి. పోయాడు పాపం. మొన్న బుధవారం, రాజమండ్రి ఆసుపత్రిలో. ఎవరో తలమీద కొట్టారంట."

సత్యప్రసాద్ సంచి దించి బల్లమీద కూర్చున్నాడు.

సుబ్బాయమ్మ తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది. రెండేళ్ళ కిందట తొలకరి వానలోనే అబ్బులు పెళ్ళాం దండేనికి అంటుకుపోయిందట. చేత్తో లాగబోతే కరెంటు అతన్ని విసిరికొట్టిందట. కర్ర కోసం ఇల్లంతా వెతుక్కుని వచ్చేసరికి ఆ పిల్ల పోయిందట. అప్పట్నించీ సెలవు దొరికితే చాలు, ఎవరి పెరట్లో ఇనుప దండెం కనిపించినా కత్తిరించేసి, తన కూలి డబ్బులతో కొన్న తాడు కట్టి వచ్చేవాడట.

"వాళ్ళింటి దండెం ఎవరు కట్టారు?" అని అడిగాడు సత్యప్రసాద్, నేల చూస్తూ.

"ఇంకెవరండీ, అబ్బులే. పెళ్ళాం ముచ్చటపడి అడిగిందని, ఒక ఆదివారం పూట కట్టాడండి."