తల్లినక్క సాక్ష్యం

యంత్రాలు ఎలాంటి ఫొటోనైనా పుట్టించే కాలం వచ్చాక, ఫొటోను సాక్ష్యంగా నమ్మడం అందరూ మానేశారు. అయినా రుక్సానా కదిరి బీళ్లలో గుంటనక్కలను ఫొటోలు తీస్తూనే ఉండేది. చివరికి అక్కడ మిగిలింది ఒక తల్లినక్క, దాని రెండు పిల్లలు. సోలార్ పలకల కోసం ఆ బీడును చదును చేస్తారని తెలిసి, ఫొటోలన్నీ పట్టుకుని, నక్కలుంటే పని ఆపించగల అధికారి దగ్గరికి పరుగెత్తింది.

“ఇట్లాంటివి మా పాప గూడ పుట్టిస్తాదమ్మా,” అన్నాడాయన నొచ్చుకుంటూ. “నక్కను కండ్లతో చూస్తేనే నేను పని ఆపేది.”

“ఒగసారి వచ్చి చూడండి సార్.”

“రేపే బుల్డోజర్లు దిగుతాండాయి. నాకు కదిలేదానికి తీరదు. నువ్వే పట్టుకొని రా.”

ఆ సాయంత్రం ఆమె బొరియ ముందు బోను పెట్టి మెల్లగా పిలిచింది. నాలుగేళ్లుగా ఆ గొంతుకు అలవాటుపడిన నక్క బెదరకుండా లోపలికి నడిచింది. పొద్దున్నే ఊళ్లోకి తెచ్చేసరికి జనం అరుపులకు వణికి వణికి, ఆఫీసు మెట్ల మీదే దాని గుండె ఆగిపోయింది.

అధికారి దాన్ని చూసి, పని ఆపమని సంతకం చేశాడు.

రుక్సానా ఆ కాగితంతో బీడుకు వెళ్లింది. పిల్లలు రెండూ బొరియలోంచి పరుగున వచ్చాయి. ఆమె చేతులకు అంటిన తల్లి వాసన పట్టి, వేళ్లను ఆబగా నాకసాగాయి.