బయ్యన్న నడక

“నేను పోను! ఆ గుహలోకి తల పెట్టేదానికి నాకేమన్నా పిచ్చా?”

అనంతపురం ఆసుపత్రిలో స్కాన్ గది ముందు ఓబుళమ్మ మొండికేసింది. ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. వేరుశనగ పీకేటప్పుడు మొదలైన వణుకు ఉగాది దాటినా తగ్గలేదు. మెదడు ఫోటో తీస్తే గానీ జబ్బేమిటో తేలదన్నారు.

పక్కనే భర్త బయ్యన్న. కంబదూరు దగ్గరి పల్లెకు రెండోసారి సర్పంచ్. ఆయన ఠీవి చూసి తీరాల్సిందే. అందరిలా చేతులూపుకుంటూ నడవడు. కుడిచెయ్యి పంచెకు ఆనించి, అడుగు తీసి అడుగు నింపాదిగా వేస్తాడు. ఊరికే నవ్వడు. మాట్లాడితే ఎదుటివాళ్ళే ముందుకు వంగి వినాలి. మొదటిసారి గెలిచినప్పుడు ఊరంతా వినబడేలా అరిచేవాడు. రెండోసారి గెలిచాక పెద్దరికం దానంతటదే వచ్చి ఒంట్లో కూర్చుందని ఊరు మురిసిపోతోంది. పక్కూరి సర్పంచ్ అలాగే నడవబోయి, ఆ నడక పట్టుబడక నవ్వులపాలయ్యాడు కూడా. ఇక బయ్యన్న తనకోసం ఏనాడూ ఆసుపత్రి గడప తొక్కలేదు. అదీ ఒక గొప్పే.

“ఏమ్మే, అందరూ చూస్తాండారు. సర్పంచ్ పెండ్లాం భయపడిందంటే నా మర్యాదేం గావాల?”

“నీ మర్యాదకు అంత ధైర్యముంటే ముందు నువ్వే పో. నువ్వు పోయొస్తే నేనూ పోతా.”

“అంతేనా? డాక్టరమ్మా, ముందు నాకే తీయండి!”

డాక్టర్ ప్రసూన కాదంటుందనుకున్నారు అక్కడున్నవాళ్ళు. ఆమె మాత్రం బయ్యన్నను ఎగాదిగా చూసి, “సరే పెద్దాయనా, ముందు మిమ్మల్నీ పరీక్ష చేయాలి” అంది. వేళ్ళు ఆడించమంది. వరండా చివరిదాకా నడిచి రమ్మంది. బయ్యన్న నడుస్తుంటే జనం లేచి దారిచ్చారు.

నరానికి మందెక్కించి, అది మెదడుకు చేరేదాకా కూర్చోబెట్టి, ఆ తర్వాత మిషన్‌లో పడుకోబెట్టారు. ఆయన రాయిలా కదలకుండా ఉన్నాడు.

“చూసినావా? ఆడ పులేమన్నా ఉండాదా?” బయటికొస్తూ అన్నాడు.

ఓబుళమ్మ వెంటనే లేచి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం ప్రసూన ఇద్దరినీ పిలిచి, రెండు ఫోటోలు పక్కపక్కన చూపించింది.

“ఒంటి కదలికల్ని నడిపించే చోటు ఇది. బాగుంటే రెండు పక్కలా మొలకెత్తిన శనక్కాయ గింజ మాదిరి తోకతో వెలుగుతుంది. ఈ మొదటి ఫోటోలో చూడండి. రెండోదాంట్లో ఎడమపక్క మొలక లేదు, ఉత్త చుక్కే. పార్కిన్సన్స్ జబ్బు.”

బయ్యన్న భార్య భుజం మీద చెయ్యేశాడు. “భయపడాకు మే. నేనుండాను గదా.”

“పెద్దాయనా,” మెల్లగా అంది ప్రసూన. “మొదటి ఫోటో అమ్మది. రెండోది మీది.”

బయ్యన్న భార్య భుజం మీంచి చెయ్యి తీశాడు. “నాకు వణుకే లేదు గదమ్మా!” అన్నాడు.

“అందరికీ వణుకుతోనే మొదలు కాదు. చెయ్యి ఊగకపోవడం, మొహంలో నవ్వు తగ్గడం, గొంతు చిన్నదవడం, ఇవీ గుర్తులే. పొద్దున మీ వేళ్ళూ నడకా చూసినప్పుడే అనుమానమొచ్చింది, స్కాన్ బలపరిచింది. తొందరగానే వచ్చారు. మందులు వాడితే మీ పనులు మీరు బాగా చేసుకోవచ్చు, సర్పంచ్ పని కూడా.”

“మరి దీనికి?” అంటూ భార్యను చూపించాడు.

“అమ్మకు ఆ జబ్బు లేదు.”

ఊరు ఊరంతా పెద్దరికమని మురిసింది జబ్బును చూసా! బయ్యన్నకు సిగ్గేసింది. వరండాలోకి వచ్చాక ఆగి, భార్యను పరీక్షగా చూశాడు. తలనొప్పికి మాత్ర మింగమన్నా కసిరే తను, ఈరోజు ఎగబడి మరీ మిషన్ ఎక్కాడు.

“ఈ మండలంలో నన్ను మించి రాజకీయం చేసేటోడు లేడనుకున్నా. నా ఇంట్లోనే ఉండాది,” అన్నాడు. ఆ చిన్న గొంతులో గర్వం దాగలేదు.

“నేనేం చేసినా?” అంది ఓబుళమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

“ఇంక ఆ చెయ్యి వణికించేది ఆపు.”