మూడో గుడ్డు

పొద్దున్నే ఎర్రచీమలు పుట్ట మీద పడి నల్లచీమల గుడ్లు ఎత్తుకుపోయాయి.

"మన పిల్లల్ని మనం తెచ్చుకుంటే తప్పా అవ్వా? ఇది ధర్మయుద్ధం," అంది దండుకు పెద్దయిన గండుచీమ.

పుట్ట గుమ్మంలో కూర్చుని, వచ్చే ప్రతి చీమనూ వాసన చూశాకే లోపలికి పంపే ముసలిచీమ కాదనలేకపోయింది. "తప్పు కాదురా. కానీ మనవి మాత్రమే తెండి," అంది. దండు బయల్దేరింది.

సాయంత్రానికి సగం దండే తిరిగొచ్చింది. వచ్చిన ప్రతి చీమ నోట్లోనూ ఒక గుడ్డు ఉంది. అవ్వ వాసన చూసింది. మొదటిది మనదే. రెండోదీ మనదే. మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"ఇది మనది కాదురా!"

"ఆ గొడవలో వాసన చూసే తీరికెక్కడిది? దొరికినవన్నీ తెచ్చేశాం."

అంతలో గట్టు మీద ఎర్రచీమల బారు కనిపించింది.

"చూశావా, దొంగలు మళ్లీ వస్తున్నారు!" అని అరిచింది గండుచీమ.

అవ్వ ఆ గుడ్డు వంకే చూస్తూ అంది: "పొద్దున దొంగలుగానే వచ్చారు. ఇప్పుడు ధర్మయుద్ధానికి వస్తున్నారు."